నా దగ్గర భద్రంగా ఉంది

ఫోన్ చేసిన మనిషి ముందు గొంతు సవరించుకున్నాడు. తర్వాత ఆ గొంతులోకి కాస్త బరువు తెచ్చుకున్నాడు.

"అమ్మా, సార్ ఇక లేరు."

"ఏ సార్?" అన్నాను. ఏ సారో నాకు తెలుసు. అయినా అడిగాను.

"మన సారే అమ్మా. ఉద్యమ కవుల కాగితాలన్ని కాపాడిన సార్. ఆదివారం దిల్‌సుఖ్‌నగర్ల సంతాప సభ పెట్టినం. మీ తమ్ముడి పాటలు గూడ సార్ దగ్గర్నే ఉండె గద. మీరొచ్చి సార్ గురించి రెండు మంచి మాటలు చెప్పాలె."

"రెండు దొరకవు బిడ్డా. ఒకటి చెప్తె నడుస్తదా?"

ఆయన నవ్వాడు. ముసలిది, తమాషాకి అంటోంది అనుకున్నాడు. నేను తమాషాకి అనలేదు. ఫోన్ పెట్టేశాక ఆ ఒక్క మంచి మాట కోసం చాలాసేపు వెతికాను. దొరికింది. ఆయన చేతులు శుభ్రంగా ఉండేవి.

నిజంగానే అంత శుభ్రమైన చేతులు నేను ఎవరికీ చూడలేదు. సబ్బుతో కడుక్కుని, తువ్వాలతో ఒక్కో వేలూ విడివిడిగా తుడుచుకుని, ఆరిందో లేదో చెంపకు ఆనించి చూసుకుని, అప్పుడు కాగితం పట్టుకునేవాడు. తర్వాత తర్వాత డాక్టర్ల లాగా తెల్లటి గ్లోవ్స్ కూడా కొన్నాడు. నేను కొత్తపేట పండ్ల మార్కెట్లో బత్తాయిలు ఏరేదాన్ని. మచ్చ ఉన్నవి ఒక కుప్ప, లేనివి ఒక కుప్ప. ఎంత కడిగినా నా గోళ్ల సందుల్లో తొక్క పసుపు పోయేది కాదు. ఆయన నన్ను చూసినప్పుడల్లా ముందు నా చేతులు చూసేవాడు, తర్వాత నా మొహం.

ఆయన పేరు ఇక్కడ రాయను. తన పేరు అచ్చులో కనిపించటం ఆయనకి ఎంత ఇష్టమో నాకు తెలుసు. చచ్చిపోయాక కూడా ఆ సంతోషం నా చేత్తో ఇవ్వదలుచుకోలేదు.

ఏదో ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. మా నల్లగొండ వైపువాడే. కాబట్టి ఆయన్ని తిట్టటానికి నాకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. చైతన్యపురిలో, కింద హాస్టలు, పైన కోచింగు సెంటరు ఉన్న సందులో సొంత ఫ్లాటు. అందులో ఒక గదికి ఎప్పుడూ తాళం ఉండేది. ఆ గదిలో అద్దాల బీరువాలు, బీరువాల్లో చచ్చిపోయిన కవుల కాగితాలు. రాసి కొట్టేసినవి, సగం రాసినవి, పెళ్లాలకు రాసిన ఉత్తరాలు, అక్కలకు రాసిన ఉత్తరాలు. నాఫ్తలీన్ ఉండల వాసన గది దాటి హాల్లోకి కూడా వచ్చేది.

ఆయన భార్య గుంటూరు వైపు ఆమె. తెలంగాణ ఉద్యమం ఊపు మీద ఉన్నప్పుడు ఇంటికి మీటింగు వాళ్లు వస్తే ఆమెను వంటింట్లోంచి గొంతు ఎత్తవద్దనేవాడు. "మంచినీళ్లు కావాలాండీ" అని ఆమె అంటే యాస బయటపడుతుందని భయం. బయటపడేదేముంది, అందరికీ తెలుసు. మీటింగుకు వచ్చిన పిల్లలే హాల్లోంచి, "అమ్మా, ఆవకాయ ఉన్నదా, జర పెట్టరాదు" అని అరిచేవాళ్లు. ఆమె నవ్వుకుంటూ జాడీ తెచ్చేది. ఆయన మాత్రం గోడ మీది తెలంగాణ మ్యాపు వైపు చూస్తూ కూర్చునేవాడు.

ఏ సభలోనైనా ఎవరైనా ఒక పాట పేరు ఎత్తితే చాలు, ముందు వరసలో ఈయన చెయ్యి లేచేది. "అది నా దగ్గర భద్రంగా ఉంది." కవి గురించి చెప్పండి సార్ అంటే, "ఒరిజినల్ నా దగ్గర ఉంది" అనేవాడు. పాట ఎలా ఉంటుంది సార్ అంటే, "నాలుగు పేజీలు. ఒక పేజీకి అంచు చిరిగింది" అనేవాడు. ఆ పాటలో ఏముందో ఆయన నోటి నుంచి నేను ఒక్కసారీ వినలేదు.

కవి చనిపోయాడని తెలిస్తే దినం నాడు వచ్చేవాడు. భుజానికి గుడ్డ సంచి. విస్తళ్లు వేసేలోపే ఆ ఇంటి ఆడమనిషి దగ్గరికి పోయి, తల ఒక పక్కకు వంచి, "పెట్టెలో ఏమైనా కాగితాలు ఉన్నాయా అమ్మా?" అని అడిగేవాడు. పింఛను కోసం వచ్చిన ఆఫీసరనుకుని వాళ్లు ఉన్నవన్నీ తెచ్చి ముందర పోసేవాళ్లు. ఒకామె రేషన్ కార్డు కూడా ఇచ్చింది. అది ఒక్కటి తిరిగిచ్చాడు. అది కవిత్వం కాదు కదా.

మా తమ్ముడు ఆర్టీసీలో కండక్టర్. పెళ్లి చేసుకోలేదు. అడిగితే, "ఎందుకక్కా, డబుల్ డ్యూటీ" అనేవాడు. పాటలు కట్టేవాడు. కట్టిన పాటను టికెట్లు కొట్టే మిషన్లో వేసే కాగితం చుట్ట మీద రాసేవాడు. పొడుగ్గా, పట్టీలాగా ఉంటుంది ఆ కాగితం. అచ్చు పడే నున్నటి వైపే రాసేవాడు, ఆ వైపు పెన్ను జారుతుందని. రాసినంత మేర చింపుకుని చుట్ట చుట్టి జేబులో వేసుకుని, రాత్రి ఉద్యమ పాటల ధూంధాంలో విప్పుకుంటూ పాడేవాడు. విప్పిన పట్టీ మోకాళ్ల దాకా వేలాడేది. పాడటం అయ్యాక మా సార్ స్టేజీ పక్కనే తయారుగా ఉండేవాడు, చేతులు తుడుచుకుని.

ఒకసారి అందరి ముందర తమ్ముడు అడిగాడు. "సార్, నా పాటల్ల ఒక్క లైను చెప్పుండ్రి. చెప్తె గీ చుట్ట గూడ మీదే."

"నేను పాడేవాణ్ణి కాదు నాయనా, పాటకు కాపలాదారుణ్ణి."

"పాడొద్దు సార్, ఉత్తగ చెప్పుండ్రి."

"సందర్భం కాదులే."

"కాపల మంచిదే గని సార్, లోపటున్న పాటకు ఊపిరెట్ల ఆడ్తది?"

అంతా పగలబడి నవ్వారు. ఆయన కూడా పళ్లు కనపడకుండా నవ్వి, చెయ్యి చాచి, చుట్ట తీసుకుపోయాడు. నాకు ఒళ్లు మండింది. తమ్ముడికి మండలేదు. "పోనియ్యక్కా. మంది కాళ్ల కింద పడేసే కాయితాన్ని అద్దాల బీరువల పెడ్తున్నడు. నన్ను గూడ పెడ్తడేమో అడుగుదాం" అన్నాడు. వాడికి ఆయనంటే జాలి. నాకు అంత మంచితనం లేదు.

ఎల్.బి.నగర్ చౌరస్తాలో రాస్తారోకో జరిగిన రోజు ఆయన్ని పూర్తిగా చూశాను. మార్కెట్ ఆడవాళ్లం కూడా పోయి రోడ్డు మీద కూర్చున్నాం. మధ్యాహ్నానికి పోలీసులు లాఠీలు తీశారు. మేం తలా ఒక దిక్కు ఉరికాం. నేను ఫ్లైఓవర్ కింద ఒక స్తంభం చాటుకు పోయి చూస్తే, అక్కడ ఈయన. కింద కూర్చుని, సంచి మీదకు వంగి, కోడి తన పిల్లల్ని పొదువుకున్నట్టు దాన్ని పొదువుకున్నాడు. ఆయన కాళ్ల దగ్గర కాలేజీ పిల్లవాడొకడు తల పగిలి పడి ఉన్నాడు. ఆయన చెయ్యి చాపితే అందేంత దూరం.

"సార్, గా పిలగాన్ని లేపుండ్రి!" అని అరిచాను.

ఆయన తలెత్తి చూశాడు. చాలా మామూలుగా అన్నాడు. "చేతుల్లో కాగితాలున్నాయమ్మా. రక్తం అంటుతుంది."

నేనూ, పుచ్చకాయలమ్మే ఇంకొకామే కలిసి ఆ పిల్లవాణ్ణి ఆటోలో దవాఖానకు తీసుకుపోయాం. బతికాడు. తర్వాత ఎన్ని సభల్లో విన్నానో, ఈయన మైకు పట్టుకుని, "ఆనాడు లాఠీల నడుమ చరిత్రను నా గుండెలకు హత్తుకుని కాపాడాను" అనటం. నిజమే, హత్తుకున్నాడు. పిల్లవాడి సంగతి ఆ కథలో రాదు.

నాకు అక్షరాలు రావటం కూడా ఆ రోజుల్లోనే. వయసు మళ్లాక వచ్చాయి. అంతకుముందు తమ్ముడు పట్నం నుంచి ఊళ్లో ఉన్న నాకు ఉత్తరాలు రాసేవాడు. పోస్టుమ్యానో, బడి పిల్లలో చదివి వినిపించేవాళ్లు. ఎవరు చదివితే వాళ్ల గొంతు. మా తమ్ముడు నాతో పోస్టుమ్యాను గొంతుతో మాట్లాడేవాడు. నా భర్త పోయాక నేనూ ఇటే వచ్చి మార్కెట్లో పనికి కుదిరాను. అప్పుడు కూడా నాకు బస్సు బోర్డు చదవటం రాదు. మొదటి అక్షరం పోల్చుకునేలోపే బస్సు వెళ్లిపోయేది.

ఆర్టీసీ వాళ్లు సమ్మెలో దిగినప్పుడు డిపో ముందు టెంటు వేశారు. ఏరుడు పని అయ్యాక తమ్ముడికి అన్నం గిన్నె పట్టుకుని పోయేదాన్ని. లోపల బస్సులన్నీ వరసగా నిలబడి ఉండేవి. "అక్కా, ఇప్పుడు గివి యాడికి పోవు. తాపీగ చూడు" అన్నాడు తమ్ముడు. "గది ద. దానికి గుడి పెడ్తె ది. పక్కన ల్. దిల్."

"దిల్ అంటె ఏందిరా?"

"గుండె."

"గుండె గింత చిన్న బోర్డుల పట్టిందా?"

"పట్టింది గద. ఇగ పక్కది చూడు."

అలా దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్, సైదాబాద్ నేర్చుకున్నాను. ఎవరికి ఏం దక్కిందో గాని, బస్సులు ఆగిపోబట్టి నాకు చదువు దక్కింది. ఇప్పటికీ నేను వేలు పెట్టి, పైకి చదవాలి. నోరు ఆడితేనే నాకు అక్షరం కదులుతుంది. ఇది కూడా పైకి అనుకుంటూనే రాస్తున్నాను.

రాష్ట్రం ఇంకా రాకముందే తమ్ముడికి కిడ్నీలు పాడయ్యాయి. ఎల్.బి.నగర్ దగ్గర ఒక దవాఖానలో పడ్డాడు. డిపో దోస్తులు చూడటానికి వచ్చి, పండ్లతో పాటు టికెట్ల కాగితం చుట్ట కూడా తెచ్చి ఇచ్చారు, వాడి సంగతి తెలిసిన వాళ్లు కదా. ఒక సాయంత్రం నేను పోయేసరికి వాడి మొహం వెలిగిపోతోంది.

"అక్కా, నీ మీద ఒక పాట కట్టిన."

"నా మీద ఏముందిరా పాటకు?"

ఆయాసపడుతూనే రెండు లైన్లు పాడాడు. అక్కా అని నన్ను పిలుస్తూ సాగే పాట. పాడి ఆపేశాడు.

"మిగతది?"

"మిగతది నువ్వే సదువుకో. అక్షరాలు నేర్పింది ఎందుకు మరి?"

చుట్ట నా చేతిలో పెట్టాడు. నేను విప్పి, కింద వేలు పెట్టి, ఆ రెండు లైన్లే మళ్లీ చదువుతుండగా నర్సు వచ్చి టైము అయిపోయింది, బయటికి నడవమంది. "రేపొచ్చి నీ ముందలనే సదువుత. తప్పులుంటె దిద్దు" అన్నాను. "దిద్దుత" అన్నాడు. చుట్టను తలగడ కింద పెట్టుకున్నాడు.

తెల్లారేసరికి పోయాడు. నేను పరిగెత్తుకుంటూ పోయేసరికి వాడి మొహం మీద దుప్పటి కప్పి ఉంది, మంచం పక్కన సార్ నిలబడి ఉన్నాడు. నాకంటే ముందు ఆయనకి ఎవరు చెప్పారో తెలియదు. ఆయన చొక్కా జేబు ఉబ్బెత్తుగా ఉంది. నేను కింద పడి ఏడుస్తుంటే వంగి, నా చెవి దగ్గర అన్నాడు.

"దిగులు పడకండమ్మా. అది నా దగ్గర భద్రంగా ఉంది."

నేను దేనికి ఏడుస్తున్నానని ఆయన అనుకున్నాడో చూడండి.

దినం నాడు వచ్చి తమ్ముడి రేకు పెట్టె అడిగాడు. నాకు వాడు రాసిన ఉత్తరాలు కూడా అందులోనే దాచుకున్నాను. అన్నీ చదివి అచ్చు వేయిస్తానన్నాడు. ఇచ్చాను.

కొన్నాళ్లకు ఆయన ఇంటికి పోయాను. ఆ సందులో ఉన్న కోచింగు బోర్డులన్నీ చదువుకుంటూ పోయేసరికి చాలాసేపే పట్టింది. తలుపు తీసి, నా చేతులు చూసి, "కడుక్కోండి" అన్నాడు. కడుక్కున్నాను. "మళ్లీ కడుక్కోండి" అన్నాడు. మళ్లీ కడుక్కున్నాను. గది తాళం తీసి, తమ్ముడు నాకు రాసిన ఒక ఉత్తరాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి బల్ల మీద పరిచాడు. నేను వేలు పెట్టాను.

"ముట్టుకోవద్దు."

వేలు తీశాను. వేలు తీయగానే అక్షరాలు చెల్లాచెదరయ్యాయి. ఏ లైను ఎక్కడో తెలియలేదు. సరే అని కళ్లతోనే పట్టుకుని పైకి మొదలుపెట్టాను. "అ... క్క... కు..."

"అమ్మా, మనసులో చదువుకోండి. ఇది గ్రంథాలయం లాంటి చోటు."

"మనసుల సదువుడు నాకు రాదు సార్."

"రాదా?"

"నోట్లెకెల్లే వస్తది."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. ఎగతాళి కాదు, నిజంగానే అర్థం కాక అడిగాడు. "అయితే మీకు ఇదెందుకమ్మా?"

జీవితంలో నన్ను చాలామంది చాలా తిట్టారు. మార్కెట్లో కమీషన్ ఏజెంట్లు తిట్టిన తిట్లు ఇక్కడ రాయటానికి కూడా వీల్లేదు. ఏదీ ఆ మాటంత దూరం పోలేదు.

"ఉత్తరం ఉండనియ్యి సార్. దవాఖానల రాసిన చుట్ట చూపెట్టుండ్రి. నా మీద కట్టిన పాట."

"అది వర్గీకరణలో ఉంది."

"అంటే?"

"వరసలో పెడుతున్నాను."

"ఒక్క చుట్టకు వరసేంది సార్?"

ఆయన బీరువా తాళం చెవులు జేబులో వేసుకున్నాడు. ఆయన భార్య టీ తెచ్చి నా చేతికిచ్చింది. నా కళ్లలోకి చూడలేదు. పాపం, మొగుడికి భయపడి అనుకున్నాను.

రాష్ట్రం వచ్చింది. ఎల్.బి.నగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దాకా రోడ్డంతా గులాబీ రంగు, పటాకులు. ఆయన కొత్త తెల్ల చొక్కా కుట్టించుకుని సెక్రటేరియట్ చుట్టూ తిరగటం మొదలుపెట్టాడు. కవుల కాగితాలకు ఒక భవనం కావాలట. ఆ భవనం ముందు పెట్టే ఫ్లెక్సీ నమూనా కూడా చేయించి ఇంట్లో గోడకు ఆనించి పెట్టాడు. నేను పోతే చూపించాడు. మధ్యలో ఆయన ఫోటో, నిలువెత్తుది, దండం పెడుతూ. చనిపోయిన కవులంతా కింద వరసలో, బొట్టు బిళ్లలంత. మా తమ్ముడు కుడి మూల. వాడి తల సగం మేకులు కొట్టిన చెక్క చట్రం కిందకు పోయింది.

"భవనం వచ్చాక మొదటి ప్రదర్శన మీ తమ్ముడి ఆఖరి పాటేనమ్మా."

"భవనం ఎప్పుడొస్తదో గాని, నాకు ఇప్పుడే చూపెట్టుండ్రి. గీడ్నే నిలబడి సదువుకుని పోత."

"తొందరపడకండి. అది నా దగ్గర భద్రంగా ఉంది."

భవనం రాలేదు. నేను మాత్రం పోతూనే ఉన్నాను. ఒకసారి వర్గీకరణ అన్నాడు, ఒకసారి బీరువా తాళం రిపేరన్నాడు, ఒకసారి ఢిల్లీ నుంచి నిపుణులు వస్తున్నారు, వాళ్ల ముందే తీయాలన్నాడు. ఒకరోజు మెట్ల మీద పట్టుకుని నిలదీశాను.

"సార్, అది నా తమ్ముడు నాకు రాసిచ్చిన పాట."

"అది ఇప్పుడు ఒక్కరిది కాదమ్మా. జాతిది."

"పాటల అక్కా అని ఉన్నదా లేదా?"

"ఉంటుంది."

"జాతి వానికి అక్కనా?"

"ఆవేశపడకండి" అన్నాడు. ఎప్పుడూ నిదానంగానే మాట్లాడేవాడు. రైలింగు పట్టుకున్న చేతిని మాత్రం జేబురుమాలుతో తుడుచుకున్నాడు. 'ఉంది' అనకుండా 'ఉంటుంది' అన్నాడన్నది నాకు అప్పుడు తట్టలేదు.

మార్కెట్ కొత్తపేట నుంచి బాటసింగారం తరలిపోయింది. అంత దూరం పోయే ఓపిక లేక నేను పని మానేశాను. మోకాళ్లు పట్టేశాయి. అయినా ఆయన ఇంటి మెట్లు ఎక్కటం మానలేదు. తర్వాత ఆయనే పోయాడు.

సంతాప సభ ఫోన్ వచ్చిన మర్నాడు ఆయన భార్య ఫోన్ చేసింది. "ఒకసారి ఇంటికి రండమ్మా. మీవి మీకిచ్చేస్తాను."

పోయాను. గది తాళం తీసే ఉంది. ఉత్తరాలన్నీ ఒక సంచిలో పెట్టి ఉంచింది. చేతులు కడుక్కోమనలేదు. నేనే కొళాయి దగ్గరికి పోబోతే, "అక్కర్లేదమ్మా, కూర్చోండి" అంది. బీరువా అడుగు అర లాగి, పాత చీర మడతలోంచి ఒక పొడుగాటి ప్లాస్టిక్ ముక్క తీసి నా ఒళ్లో పెట్టింది.

నల్లటి పట్టీ. పొయ్యి మీద మాడిన రొట్టెంత నలుపు. అటు నుంచి ఇటు దాకా ఒక్క తెల్ల చుక్క లేదు. చుట్టూ మెరిసే ప్లాస్టిక్, గట్టిగా, అంచులు సమంగా కత్తిరించి.

"ఏందమ్మా ఇది?"

"మీ పాట."

దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగు పిల్లల సర్టిఫికెట్లకు ప్లాస్టిక్ వేసే షాపులు వరసగా ఉంటాయి. దవాఖాన నుంచి వచ్చిన రోజే ఈయన చుట్టను అక్కడికి తీసుకుపోయాడట. ఇక చిరగదు, తడవదు, చెదలు పట్టదు అని. వేడి మిషన్లో పెట్టారు. ఆ కాగితం వేడి తగిలితే నల్లబడుతుంది. బస్సులో ముందు అద్దం దగ్గర ఎండకు పడి ఉన్న టికెట్టును చూసినా తెలిసేది. ఆయన బస్సెక్కేవాడు కాదు.

"ఇటు తెల్లగా పెట్టారంటమ్మా, అటు నల్లగా వచ్చిందంట. ఇంటికొచ్చి అన్నం దగ్గర కూర్చుని లేచిపోయారు. ఆ దెబ్బతో మిగతా వాటి జోలికి పోలేదు. అందుకే మీ ఉత్తరాలు బాగున్నాయి."

"షాపుకు పోకముందు ఒక్కసారన్న సదివిండా? ఒక్క లైనన్న యాదికి చెప్పిండా మీకు?"

ఆమె తల అడ్డంగా ఊపింది. "నేనూ అదే అడిగానండీ. ముందు భద్రం చేసి, తర్వాత తీరిగ్గా చదువుదామనుకున్నాను అన్నారు."

నేను ఆ పట్టీని కిటికీ వైపు తిప్పాను, వాల్చాను, వెలుతురుకు అడ్డం పెట్టాను. నల్లగానే ఉంది.

"మరి నాకెందుకు చెప్పలే ఇన్నేండ్లు?"

"మీరు వచ్చి వెళ్లినప్పుడల్లా చెప్పెయ్యండి అని పోరాను. పరువు పోతుంది అనేవారు."

"ఎవరి పరువు?"

ఆమె ఆ పాత చీరను మళ్లీ మడత పెట్టింది. జవాబు చెప్పాల్సిన మనిషి ఆమె కాదు.

పాడు చేసినందుకు కాదు నా అసహ్యం. చేతిలోది పాడవటం ఎవరికైనా జరుగుతుంది. మార్కెట్లో లారీ లోడుకు లోడు మురిగిపోయిన రోజులు చూశాను. మురిగిందని చెప్పి పక్కన పోసి, రైతు ముందు తల వంచుకుని నిలబడతాం. రైతు ఏడుస్తాడు, తిడతాడు, ఇంటికి పోతాడు. ఈ మనిషి మురిగినదాన్ని బీరువాలో పెట్టి తాళం వేసి, నన్ను ఏళ్లకేళ్లు మెట్లు ఎక్కించి దింపాడు. ఒక్కసారి 'పాడయిందమ్మా' అని ఉంటే ఆ రోజే ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆ పాట చివర తమ్ముడు నాకేం చెప్పాడో అని దారి పొడుగునా ఊహించుకుంటూ పోయేదాన్ని కాదు.

"పట్టీ కూడా మీకే ఇచ్చేద్దును. సభ వాళ్లు బల్ల మీద పెడతామని అడిగారు, మాటిచ్చేశాను. అక్కడే తీసుకోండి" అంది ఆమె. తర్వాత, "సభలో చెబుతారా?"

"చెప్తనమ్మా."

"చెప్పండి. నా వల్ల కాలేదు."

ఆదివారం పోయాను. హాలు నిండింది. స్టేజీ మీద ఆయన ఫోటో, దండం పెడుతూ. పక్కన బల్ల మీద తెల్ల గుడ్డ పరిచి నల్లటి పట్టీని పెట్టారు. ముందర ఒక అట్ట. నేను వంగి, నోరు ఆడిస్తూ చదివాను. 'ప్రజాకవి ఆఖరి పాట. స్వదస్తూరీ.' జనం వరసగా వచ్చి దండం పెట్టి ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకాయన పూలు కూడా వేశాడు.

ఫోన్ చేసిన మనిషి అక్కడే ఉన్నాడు. "ఇండ్ల ఏం రాసున్నది బిడ్డా?" అని అడిగాను.

"ఆఖరి పాట అమ్మా. పాతది గద, నల్లబడ్డది."

"నా ముక్కుపోగు అంతకన్న పాతది."

"మీరెప్పుడు తమాషనే" అన్నాడు.

అందరూ మాట్లాడారు. త్యాగం అన్నారు, తపస్సు అన్నారు. ఒకాయన, సార్ లేకపోతే ఈ పాట మనకు మిగిలేదే కాదన్నాడు. తర్వాత నా పేరు పిలిచారు. నేను బల్ల మీది పట్టీ తీసుకుని మైకు దగ్గరికి నడిచాను. వెనక నుంచి ఎవరో, "చేత్తో పట్టుకోవద్దమ్మా" అన్నారు.

"గిది నా తమ్ముడు నాకు రాసిన పాట. సార్ దీన్ని సదువకముందే మిషన్ల పెట్టి కాల్చిండు. కాల్చిన సంగతి దాచిండు. ఇండ్ల ఏమున్నదో సార్‌కు తెల్వదు. మీకు తెల్వదు. నాకు రెండు లైన్లు తెలుసు. గవి పాడుత."

ముందు వరసల్లో ఫోన్లు పైకి లేచాయి. నేను పాడాను.

ఆఖరు స్టాపు దాక నా టికెట్టు లేదక్క
నడిమిట్ల దిగుతున్న, నా సీట్ల కూసో అక్క

అక్కడ ఆగాను. ఆ తర్వాత నా దగ్గర లేదు. నోరు తెరుచుకునే ఉంది.

పాట అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. గట్టిగా, చాలాసేపు కొట్టారు. ఫోన్ చేసిన మనిషి కళ్లు తుడుచుకుంటూ వచ్చి మైకు అందుకుని, "ఎంత క్లుప్తంగ, ఎంత గొప్పగ ఉన్నదో చూడుండ్రి. ఇసొంటి పాటను మనకు దాచిపెట్టిన సార్‌కు మరొక్కసారి జోహార్లు" అన్నాడు. జోహార్ అని హాలంతా అరిచింది. తర్వాతి వక్తను పిలిచారు.

నేను పట్టీని బల్ల మీద పెట్టలేదు. సంచిలో వేసుకుని మెట్లు దిగాను. ఎవరూ అడగలేదు. ఫోటోలు అప్పటికే తీసుకున్నారు.